నాకేం భయమైతలేదు

హనుమకొండ,
జూన్ 11, 2025

రాజేశ్వర్,

'ప్రియమైన' అని రాయలేదు, రాయబుద్ధి కాలేదు. 'గారు' అసలే రాయను. ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూసోని నా సిరాబుడ్డి ఒలకబోసినోనికి గారేంది?

నిన్న మధు వచ్చిండు. మన ఫిలిం సొసైటీకి ఇప్పుడు వాడే కార్యదర్శి. బ్యాంకులో పని. నెత్తి మీద వెంట్రుక లేదు గాని లోపల సినిమా పిచ్చి నిండుగ ఉంది. పోయిన వారం వచ్చినప్పుడు మనిషి సంబరంతోని కూసోలేకపోయిండు. "సార్, ఇంగ్లిషు నటుడు లాంగ్‌మీడ్ పుట్టి నూరేండ్లయితాంది. స్టేషన్ మాస్టర్ సినిమా మంచి ప్రింటు దొరికింది. నవంబర్ల కాజీపేటల్నే వేద్దాం. అప్పట్లెక్కనే మీరు మైకు పట్టాలె" అన్నడు. సరే అన్న. పాత అద్దాలు తుడుచుకున్న.

నిన్న మళ్ల వచ్చి చాయ్ కప్పులోకే చూసుకుంట కూసున్నడు. "ఏందిరా, ఈగ పడ్డదా?" అన్న. "లేదు సార్. ప్రెసిడెంట్ సార్ రాసిన్రు. మీరు మాట్లాడొచ్చట. కని ఆ ఒక్క డైలాగు కరెక్టుగ చెప్పాలెనట. లేకపోతే తెర కింద తెలుగు అక్షరాలేసి నడిపియ్యమన్నరు."

ప్రెసిడెంట్ సారంటే నువ్వే గద. ఆ ఒక్క డైలాగు! యాభై ఏండ్లయింది. నీ పండ్లు ఊడినయి గాని ఆ డైలాగును కొరకడం మాత్రం మానలేదు.

నువ్వు మరిచినట్టు నటిస్తవు గనుక ఏం జరిగిందో మళ్ల రాస్తున్న. రైల్వే సమ్మె విరిగిన మరుసటేడు. కాజీపేటలో మన సినిమా. హాలు నిండ నౌకరీ పోయిన షెడ్డు కార్మికులు, వాళ్ల పెండ్లాలు, పిల్లలు. వర్ధన్నపేట నుంచి బస్సెక్కి వచ్చినోళ్లు. సినిమా ఇంగ్లిషు, కింద తెలుగు అక్షరాలు లేవు. తెర పక్కన మైకు పట్టుకొని నేను నిలబడ్డ. తెర మీద మనిషి నోరు తెరిస్తే నేను తెలుగులో పలికిన. నీ తెలుగులో కాదు, నా తెలుగులో.

కతంతా ఒక చిన్న స్టేషన్. వాన. వాగు మీద వంతెన పగిలింది. పట్టాల మీద సైన్యం బండి ఆగి ఉంది. జనరల్ దిగొచ్చి పచ్చజెండా ఊపమంటడు. స్టేషన్ మాస్టర్ వేషం లాంగ్‌మీడ్‌ది. బండి కదిలితే మునిగేది జనరల్ కాదు, డబ్బాలల్ల పండుకున్న సిపాయి పిలగాండ్లు. "ఊపుతవా లేదా?" అని జనరల్ అరుస్తడు. లాంగ్‌మీడ్ జెండా చుట్టి చంకలో పెట్టుకొని మెల్లగ అంటడు: "ఐయామ్ అఫ్రైడ్ నాట్, సర్."

నేను మైకులో అన్న: "నాకేం భయమైతలేదు, సార్."

హాలు లేచి నిలబడ్డది. టోపీలు ఎగిరినయి. ఆ తర్వాత జనరల్ ఏమన్నడో ఎవలికీ వినబడలేదు. నాకు కూడ.

మరుసటి నెల ఆటకు మైకు నీ చేతిలో ఉంది.

నేను ఆ డైలాగు మార్చను. ఈ సంగతి నీకు సూటిగ తెలియాలెనని రాస్తున్న.

సుందర్ రావు

*

హైదరాబాద్,
జూన్ 26

సుందరం,

నీ ఉత్తరం చేరింది. చేతిరాత ఇంకా నిటారుగానే ఉంది. మెడ కూడా అలాగే ఉండి ఉంటుంది.

కోపం లేకుండానే చెబుతాను. 'ఐయామ్ అఫ్రైడ్ నాట్' అంటే 'నాకు భయం లేదు' అని కాదు. 'ఏమనుకోకండి, అది కుదరదు' అని. ఇంగ్లిషువాళ్లు కాదని చెప్పవలసి వస్తే ముందు కాస్త విచారపడతారు. అంతే. భయానికీ దానికీ సంబంధం లేదు. ఈ మాట ఇంటర్మీడియట్ పిల్లలకు ముప్పై ఏళ్లు ఇంగ్లిషు చెప్పిన లెక్చరర్‌కు నేను రాయవలసి రావడం నా ఖర్మ.

నవంబరు సభకు బయటివాళ్లు కూడా వస్తారు. యూనివర్సిటీ వాళ్లు, పేపర్ల వాళ్లు. ఎవడో ఒకడు చెవులు రిక్కించి అసలు మాట వింటాడు, నీ మాట వింటాడు, నవ్వుతాడు. నవ్వేది నిన్ను చూసి. నేను ఆపుతున్నది దాన్ని. నీకలా అనిపించకపోతే నేనేం చేయను?

'క్షమించండి, అది కుదరదు' అను. రెండు సెకన్ల మాట. మిగతా సినిమా అంతా నీ ఇష్టం వచ్చినట్టు, నీ యాసలోనే చెప్పుకో.

ఫోన్ చేయకు. ఈ మధ్య ఫోన్ ఎత్తడం మానేశాను. నీ తిట్లు కాగితం మీదే బాగుంటాయి.

రాజేశ్వర్

*

హనుమకొండ,
జూలై 15

రాజేశ్వర్,

'నీ యాసలోనే చెప్పుకో' అని పర్మిషన్ ఇచ్చినవు. సంతోషం. యాభై ఏండ్ల కింద ఈ పర్మిషన్ ఏ బీరువాలో పెట్టి తాళమేసినవు?

అప్పుడు నువ్వన్న మాట కమిటీ మీటింగులో అందరూ విన్నరు: "బ్రిటిష్ నటుడు బస్టాండు తెలుగు మాట్లాడితే ఎట్లా?" తర్వాత నువ్వు మైకు పట్టి రేడియోలో వార్తలు చదివినట్టు చదివినవు. గొంతు బాగుండె, నేను కాదన్ననా? ఇత్తడి చెంబు మీద కొట్టినట్టు ఉండె. కాని మూడో ఆటకల్లా వర్ధన్నపేటోళ్లు రావడం బందయింది. గేటు కాడ పల్లీలు అమ్మే మొగిలమ్మ నాతోని ఏమన్నదో చెప్పనా? "సారూ, ఇంగ్లీసాయినె జరంత నయం. ఆయిన మొకం జూస్తే సమజైతది. ఈ మైకు సారు మాట్లాడితే అది గూడ అయితలేదు."

రాష్ట్రం వచ్చినంక అందరికీ యాస మీద ప్రేమ పుట్టింది. నీకూ పుట్టింది. 'మన యాస సొగసు' మీద ఉపన్యాసమిచ్చి శాలువా కప్పించుకున్నవు. ఫొటో పేపర్లో చూసిన. ఆ ఉపన్యాసం మొత్తం ఏ తెలుగులో ఇచ్చినవు రాజేశ్వర్? రేడియో తెలుగులో!

సరే, లాంగ్‌మీడ్ సంగతికి వద్దాం. ఆయనను నువ్వు మెచ్చుకుంటవు. ఎందుకు మెచ్చుకోవాల్నో నేను చెప్త.

బొగ్గు గనుల ఊళ్లో పుట్టిండు. తండ్రి గని దిగేటోడు. నాటకాల బడిలో చేరితే మొదటి రోజే అక్కడి పెద్దమనిషి "ముందు నోరు కడుక్కొని రా" అన్నడు. యాసను గురించి. పండ్ల నడుమ సీసా బిరడా పెట్టుకొని లండన్ ఇంగ్లిషు నేర్చిండు. ఆ తర్వాత ముప్పై సినిమాల దాక చేసిండు. ఎవరి పాత్రలు? దొరల ఇండ్లల్ల బట్లర్. కోర్టులో బంట్రోతు. హీరోకు తుపాకి అందించి తాను చచ్చిపోయే సిపాయి. ఒక సినిమాలో ట్రే పట్టుకొని తలుపు కాడ నిలబడతడు, అంతే. లోపల ప్రభువూ పెండ్లామూ కొట్లాడుకుంటరు. మాటలన్నీ వాళ్లవే. ట్రేలో కప్పు మాత్రం సాసరు మీద సన్నగ మోగుతది. ఆ మోత విన్నంక ప్రభువు డైలాగు ఎవనికి కావాలె? ఇంకోదాంట్లో ఉరిశిక్ష చదివే జడ్జి వెనక నిలబడి, సిరా ఆరినదా లేదా అని కాగితం దిక్కు చూస్తడు. అంతకన్న భయంకరమైన చూపు నేను సినిమాలో చూడలేదు.

పేపర్లోళ్లు ఆయనను 'నమ్మదగిన సహాయ నటుడు' అని రాసిన్రు. నమ్మదగిన! కావలి కుక్క గురించి రాసినట్టు.

నలభై దాటినంక ఒక డైరెక్టరు పెద్ద వేషం ఇచ్చిండు. అదే స్టేషన్ మాస్టర్. ఆ సినిమాలో లాంగ్‌మీడ్ ఏం చేసిండు? బిరడా ఉమ్మేసిండు. తన గనుల ఊరి మాట మాట్లాడిండు, మొదటి రీలు నుంచి చివరి దాక. పెద్ద పేపరొకటి 'చెవికి ఇబ్బంది' అన్నది. తర్వాత శానేండ్లు వేషాలు రాలేదు. దానికి ఆయన జవాబు ఒక్కటే: "ఆ స్టేషన్ మాస్టరు మాట్లాడింది మా అమ్మ మాట."

అట్లాంటి మనిషి నోట్లో నువ్వు మళ్ల బిరడా పెట్టినవు, కాజీపేటలో. తర్జుమా తప్పు ఎవరిదో ఇప్పుడు చెప్పు.

ఇంకో మాట. ఫోన్ ఎత్తవట. ఏం, మాట్లాడితే ఇత్తడి చెంబు అరిగిపోతదా?

సుందర్ రావు

*

హైదరాబాద్,
ఆగస్టు 9

సుందరం,

నీ ఉత్తరం రమ గట్టిగా చదివింది. ఆ పల్లీల అవ్వ మాట దగ్గర నవ్వు ఆపుకోలేక చదవడం ఆపింది. ఇంట్లో కట్టుకున్న భార్య కూడా నా పార్టీ కాదు.

లాంగ్‌మీడ్ గురించి నువ్వు రాసింది బాగుంది. మన సొసైటీ పత్రికకు వ్యాసంగా ఇవ్వు, నా పేరు తీసేసి. కానీ నువ్వు వదిలేసిన ఒక సంగతి చెబుతాను, విను.

జనరల్ అరుస్తాడు. లాంగ్‌మీడ్ అరవడు. గొంతు పెంచడు. 'సర్' అనడం మానడు. వానలో తడిసిన టోపీ సరిచేసుకుని, 'ఏమనుకోకండి' అన్నంత మెత్తగా కాదంటాడు. అతని బలమంతా ఆ మెత్తదనంలో ఉంది. తుపాకుల ముందు ఒక మనిషి మర్యాద తప్పకుండా కాదనగలిగాడు, అదీ ఆ పాత్ర. నువ్వు ఆ మర్యాదను పీకేసి ఛాతీ చరిచే వీరుణ్ణి నిలబెట్టావు. జనం చప్పట్లు కొట్టారు, నిజమే. చప్పట్లు కొట్టింది నీకు. లాంగ్‌మీడ్‌కు కాదు. ముప్పై సినిమాల్లో అతని పక్కన హీరో నిలబడి అతన్ని ఎలా కప్పేశాడో, ఆ రోజు నువ్వు అలా కప్పేశావు.

దీనికి జవాబు ఉంటే రాయి.

ఇంకొకటి అడుగుతాను. యాభై ఏళ్లుగా అడగాలనుకుంటున్నది. ఆ రోజు నోరు జారిందా, కావాలని అన్నావా? తడబడ్డానని చెప్పు, మనిషన్నాక తడబడతాడు. కావాలనే అన్నానని చెప్పు, అదీ వింటాను. ఏదో ఒకటి నిజం చెబితే మైకు నీదే. మధుకు నేను రాస్తాను.

జవాబు త్వరగా ఇవ్వు. సెప్టెంబరులో నాకు కాస్త పని ఉంది.

రాజేశ్వర్

*

హనుమకొండ,
ఆగస్టు 21

రాజేశ్వర్,

చెప్పను.

నోరు జారిందంటే నేను ఇంగ్లిషు రాని లెక్చరర్ను. కావాలని అన్నంటే మోసగాణ్ని. రెండు తలుపులు తెరిచి పెట్టి ఏదాంట్లకెల్లి పోతవో పొమ్మంటున్నవు. రెండూ నీ ఇంట్లకే దారి. నేను రాను.

నీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. మంచి ప్రశ్న, ఒప్పుకుంటున్న. వారం రోజులు నమిలిన.

మర్యాద అన్నవు. ఇంగ్లిషోని మర్యాద ఇద్దరు సమానమైనోళ్ల నడుమ నడిచేది. వాడు ఏమనుకోకండి అంటే అవతలోడు టోపీ తీస్తడు. మరి మన దిక్కు? దొర ఉండే గడి ముందర నిలబడి 'ఏమనుకోకండి' అనాలంటే మనోళ్లకు ఒక మాట ఉండె. నీకు తెలుసు. మీ తాత అరుగు మీద కూసుంటే మా నాయినమ్మ సువార్తమ్మ చెప్పులు చేతుల పట్టుకొని ఆ వాకిలి దాటేది. "బాంచెన్ దొరా" అనేది. నీ కాళ్ల కాడి దాసీని అని. బాప్తిస్మం తీసుకున్నంక కూడ ఆ మాట నోట్లకెల్లి పోలేదు. ప్రార్థనలో దేవునితోని గూడ "బాంచెన్ ప్రభువా" అనేది. పాస్టరు నవ్వేటోడు. నేను నవ్వలేదు.

ఆ హాలులో కూసున్నోళ్లు ఎవలు? ఏడాది కింద ఆఫీసరు ముందల చేతులు కట్టుకొని "తప్పయింది సార్, నౌకరీ ఇయ్యిన్రి" అన్నోళ్లు. వాళ్ల చెవిలో నేను 'క్షమించండి' అంటే ఏం వినబడతది? స్టేషన్ మాస్టర్ గూడ మాలెక్కనే కాళ్లు పట్టిండు అని వినబడతది. నువ్వు చెప్పిన మెత్తదనం ఇంగ్లిషులో ఉంది. తెలుగులో దింపితే అది బాంచెన్ అయితది. లాంగ్‌మీడ్ బాంచెన్ అనలేదు. ఆయన కండ్లు చూడు, అనలేదు. జెండా చంకలో ఎట్ల పెట్టుకుంటడో చూడు. సంతకెల్లి గొడుగు తెచ్చుకున్నట్టు పెట్టుకుంటడు. భయపడ్డోడు జెండాను అట్ల పెట్టుకుంటడా?

మాటకు మాట తర్జుమా చెయ్యాల్నా, మనిషికి మనిషిని తర్జుమా చెయ్యాల్నా? నువ్వు డిక్షనరీ మోస్తున్నవు. ఆ దినం నేను మనిషిని మోసిన.

ఇదే ఆఖరు. ఆ మాట అట్లనే ఉంటే వస్త. లేకపోతే మధును అక్షరాలు వేసుకొమ్మను. నేను హాలు బయట గేటు కాడ నిలబడి, ఆ సీను వచ్చే టయానికి ఎంత దూరం వినబడుతదో అంత గట్టిగ అంట. ఎనభై ఏండ్లు దగ్గర పడ్డయి, పోలీసులు ఎత్తుకపోతే పోనీ, జీపులో గూడ అంట.

సుందర్ రావు

*

హైదరాబాద్,
సెప్టెంబరు 30

సుందరం,

ఆలస్యమైంది. సెప్టెంబరులో పని ఉందన్నాను గదా. ఆ పనేమిటో రాస్తాను. కూర్చుని చదువు.

ఏప్రిల్‌లో నా గొంతులో గడ్డ తీశారు. అప్పటి నుంచి మాట లేదు. పిల్లలు బళ్లో వాడే పలక ఒకటి రమ కొనుక్కొచ్చింది, దాని మీద రాస్తాను, ఆమె తుడుస్తుంది. గొంతు మెల్లగా రావచ్చు, సెప్టెంబరుదాకా చూద్దామన్నారు. నేనూ చూశాను. నవంబరు సభలో అధ్యక్షోపన్యాసం నేనే ఇవ్వాలనుకున్నాను. నీ పక్కన, అదే హాల్లో. నీకు చెప్పకపోవడానికి కారణం వేరే ఏమీ లేదు. చెబితే నువ్వు తిట్టడం ఆపుతావు. అప్పుడు నిజంగా రోగినైపోతాను.

నిన్న దవాఖానకు వెళ్లాం. డాక్టరు చిన్న పిల్ల. మంచి పిల్లే. ఫైలు చూసింది, గొంతులో లైటు వేసి చూసింది. రమ ఉండబట్టలేక అడిగింది: "డాక్టరమ్మా, ఈయనకు మళ్ల మాట వస్తదా?"

ఆ పిల్ల రమ కళ్లలోకి చూడలేక కిటికీ వైపు చూసి అంది: "ఐయామ్ అఫ్రైడ్ నాట్."

రమ ఇంగ్లిషు నీకు తెలుసు. నా వైపు తిరిగింది. "ఏమంటాంది?"

పలక నా ఒళ్లో ఉంది. చాక్‌పీసు చేతిలో ఉంది. ఆ వాక్యానికి సరైన తెలుగు ఈ దేశంలో నాకు తెలిసినంత బాగా ఎవడికీ తెలియదు. యాభై ఏళ్లు దాని మీదే బతికాను. ఆమె ముఖం చూశాను సుందరం. రాశాను:

"నాకేం భయమైతలేదు అంటాంది."

రమ చదివింది. డాక్టరు వైపు చూసింది, మళ్లీ పలక వైపు చూసింది. "ఆమెకెందుకైతది భయం? గొంతు ఆమెదా?" అంది.

నాకు నవ్వొచ్చింది. చప్పుడు రాదు గదా, భుజాలు ఊగుతున్నాయి, కళ్లలో నీళ్లు. ఆ డాక్టరు పిల్ల నేను ఏడుస్తున్నాననుకుని గ్లాసుతో నీళ్లు అందించింది. రమకు అర్థమైంది. ముందే అర్థమైందేమో కూడా. పలక తీసుకుని తుడవలేదు. అట్లనే చేతిలో పట్టుకుని ఆటో ఎక్కింది. ఇంటిదాకా అట్లనే పట్టుకుంది.

నోరు జారిందా, కావాలని అన్నావా అని నిన్నిక అడగను.

అయితే ఒకటి మాత్రం రాసి పెట్టుకో. తర్జుమా తప్పే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. నేను రాసిందీ తప్పే, తప్పని తెలిసే రాసిన. నవంబర్ల నువ్వు మైకు పట్టుకో. ఆ తప్పే చెప్పు. ఒక్క అక్షరం గూడ మార్చకు. మధుకు రాసిన. అక్షరాలు గిక్షరాలు వద్దన్న.

మైకు తీసుకున్నందుకు నిన్ను క్షమాపణ అడగను. అడిగితే నీకు బతకడానికి ఏం మిగులుతది?

రాజేశ్వర్

*

హనుమకొండ,
అక్టోబర్ 6

అరే రాజీ,

ఉత్తరం చదివిన. రెండోసారి చదవలేదు. నీ రాత చివర్లకు బస్టాండు తెలుగయింది, చూసుకున్నవా?

ఇత్తడి చెంబు అరిగిపోతదా అని రాసిన. ఆ మాట వాపసు తీసుకోను. రాసినప్పుడు తెలియదు, తెలిసినా రాద్దును. నీకు గావాల్సింది గూడ అదేనాయె. మర్యాదగ రాస్తే ఆ డాక్టరు పిల్లకు, నాకు తేడా ఏముంటది?

రమ చెల్లెకు చెప్పు. ఆ పలక తుడవొద్దని. పక్కకు పెట్టి ఇంకోటి కొనుక్కొమ్మను.

నీ మర్యాద ముచ్చట గురించి ఇంక కొట్లాట అయిపోలేదు. సినిమా అయినంక చూసుకుందాం. ఆ సీనులో లాంగ్‌మీడ్ గొంతు పెంచడన్నవు గదా. పెంచడు, నిజమే. నేను గూడ ఈసారి పెంచను. మెత్తగనే అంట. మెత్తగ అంటే ఇంకెంత గట్టిగ వినబడతదో చూద్దాం. ఇది నీ మాట విని చేస్తున్నదని ఎవలికన్న చెప్పినవంటే నేను అబద్ధమంట.

మధుతో మాట్లాడిన. వాడు అధ్యక్షోపన్యాసం ఎత్తేద్దామా సార్ అన్నడు. "ఎందుకురా, ప్రెసిడెంటు సచ్చిండా?" అన్న. ఉపన్యాసం ఉంటది. ఎంత పొడుగు రాస్తవో రాసి పంపు. మైకులో నేను చదువుత. నీ రేడియో మాటలన్నీ నా నోట్లకెల్లి వస్తయి, ఎట్ల వస్తయో అట్లనే వస్తయి.

నీ కుర్చీ ముందు వరుసలో, మైకుకు ఎదురుగ వేపిస్తున్న. నా మొకం నీకు, నీ మొకం నాకు కనబడేటట్టు.

నా తర్జుమా నచ్చకపోతే అక్కణ్నించే లేచి అరువు.

సుందరం